ఓడక్క దారిచ్చిన పువ్వు

మా ఓడక్క పోయింది. రాకిరాకి నుంచి తీరం వెంట వచ్చే సరుకుల పడవ మనిషి, సింగటోకా రేవులో మా వంకాయల గంపలు అందుకుంటూ ఆ మాట చెప్పాడు. "పాత లైను పక్కన ఒక్కతే ఉండేదే మీ మద్రాసీ పెద్దామె, ఆమె ఖతం అయిపోయింది దీదీ. జ్వరం." చెప్పి ఇంకో గంప కోసం చేతులు చాపాడు. నేను అందించాను. ఆ తర్వాతిదీ అందించాను. పడవ కదిలాక ఒడ్డున కూలబడి ఏడ్చాను.

ఆమె నా రక్తసంబంధం కాదు. గిర్మిట్ మీద, అంటే ఇన్నేళ్ళని రాసుకున్న కూలి ఒప్పందం మీద ఈ దీవులకు వచ్చిన మాకు ఇంకో చుట్టరికం ఉంది. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు తోబుట్టువులు. ఆ వరసను మేము ఎంత గట్టిగా పట్టుకుంటామంటే, ఒక ఓడవాళ్ళు తమలో తాము పెళ్ళి సంబంధాలు కూడా కలుపుకోరు. మద్రాసు రేవు దాటగానే నాకు వాంతులు పట్టుకున్నాయి. అప్పుడు నా నుదురు పట్టుకున్న చెయ్యి ఆమెది. ఆమెది విశాఖపట్నం వైపు, నాది నెల్లూరు వైపు. సగం మాటలు నాకు అర్థం అయ్యేవి కావు. అయినా ఓడ దిగేనాటికి ఆమె నాకు అక్క, నేను ఆమెకు చెల్లి. మమ్మల్ని ఒకే చెరకు ఎస్టేటుకి పంపారు, ఒకే లైనులో పక్క పక్క గదులిచ్చారు. లైను అంటే కూలీల కోసం కట్టిన పొడుగాటి రేకుల కొట్టం. మధ్య గోడలు పైకప్పు దాకా ఉండవు, పక్క గదిలో ఎవరు నిట్టూర్చినా వినబడేది.

ఓడక్క నేల చూపులు చూస్తూ నడిచేది. నేను వెక్కిరించేదాన్ని, ఏం పారేసుకున్నావు అక్కా అని. "కింద సూసి నడవాలే. పైనున్నోడికి మన ఊసక్కర్లేదు. కిందున్నోళ్ళు సూస్తారు" అనేది. అది ఆమె తరచూ అనే మాట. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను.

ఇక్కడికొచ్చిన మొదటి వానాకాలంలో ఆమె అడవి అంచున ఒక ఆకు చూసి కేక పెట్టింది. "ఒలే, సరస్వతాకే! మన సరస్వతాకు ఇక్కడికీ వొచ్చీసినాదే!" గుండ్రటి ఆకు, కాడ దగ్గర నొక్కు, నేలను కరుచుకుని పాకే సన్నని తీగ. ఆడవాళ్ళం అందరం చూశాం, అవునన్నాం. కొంగుల నిండా కోసుకొచ్చి మిరపకాయలతో పచ్చడి నూరాం. దానికి ఏ రుచీ లేదు. ఈ దేశపు మట్టి తీరే అంతేమోనని సర్దుకుని తిన్నాం. పుట్టింటి ఆకు దొరికిందన్న సంబరంలో ఎవరమూ ఇంకో మాట అనలేదు.

కొన్నాళ్ళకు అది పూసింది. సరస్వతి ఆకు పువ్వు ఎవరి కంటా పడదు. ఆకు కింద, మట్టికి ఆనుకుని, ఎర్రటి నలుసులా దాక్కుంటుంది. ఇదేమో ఒక్కో కాడకు ఒక్క పువ్వే, తెల్లగా, ఐదు రేకులు విప్పుకుని మా మొహాల్లోకి చూస్తోంది. అప్పుడు వంగి సరిగ్గా చూశాం. మన ఆకు అంచున గాట్లుంటాయి, దీని అంచు నున్నగా ఉంది. మన ఆకుకు లేని మెరుపు ఉంది, నూనె రాసినట్టు. నలిపితే మన ఆకు వాసన రాలేదు. ఓడక్క చేతిలో ఆకులు కింద పడేసింది.

"మన ఆకు మొకం పెట్టుకుని వొచ్చినాదే ఇది" అంది.

పట్టపగలు, నెత్తిన ఎండ. అయినా మేమంతా ఒక్కసారే లేచి లైను వైపు గబగబా నడిచాం. నాకు దయ్యాలంటే భయం లేదు, గిట్టవు అంతే. ఆ రోజు అందరికంటే ముందు నడిచింది మాత్రం నేనే.

అందరం దాన్ని మర్చిపోయాం, ఓడక్క తప్ప. ఆదివారాలు అడవి అంచుకు వెళ్ళి దాని ముందు కూర్చునేది. అది ఎలా బతుకుతుందో ఆమె చూసి నాకు చెప్పినవే ఇవన్నీ. పొద్దున విప్పుకున్న పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు పక్కన ఇంకోటి. పువ్వు రాలిన చోట నారింజ రంగు తిరిగిన ఎర్రటి పండు కాస్తుంది. చిదిమితే లోపల రెండే గింజలు, పప్పు బద్దల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఎండ తగిలితే మాడిపోతుంది, నీడలోనే దాని బతుకు. వానలు వెనకబడితే ఆకంతా పోయి చచ్చినట్టు పడి ఉంటుంది, కానీ చావదు. మొదటి చినుకుకి కణుపుల్లోంచి మళ్ళీ లేస్తుంది. ఆమెను అన్నిటికంటే పట్టుకున్నది దాని నడక. తీగకు ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు దిగుతాయి. ముందు కణుపు నాటుకున్నాక వెనక కణుపు కుళ్ళిపోతుంది. అలా ముందుకు జరుగుతూ, వెనక చోటు వదిలేస్తూ పోతుంది. "చెయ్యి ఆనించి, మోకాలు జరిపి, మళ్ళీ చెయ్యి ఆనించి. పసిపిల్ల పాకినట్టే సూడు" అనేది.

చేపలమ్మడానికి వచ్చే కాయ్‌వీటి ముసలమ్మ, ఈ నేలమీదే పుట్టిన మనిషి, ఒకసారి ఓడక్క పక్కన నిలబడి వచ్చీరాని హిందుస్తానీలో చెప్పింది. అది ఎక్కడి నుంచీ వచ్చింది కాదట, ఎప్పటి నుంచో ఇక్కడిదేనట. పేరు కూడా చెప్పింది. ఓడక్కకు ఆ పేరు నోటికి పట్టలేదు. ముసలమ్మ వెళ్ళేటప్పుడు ఆ తీగను దాటలేదు, చుట్టూ తిరిగి వెళ్ళింది. ఎందుకని అడగాలని నాకు అనిపించింది, అడగలేదు.

ఓడక్కకు లైనులో ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్ల తండ్రిని అంతకు ముందే ఇంకో ఎస్టేటుకి తోలేశారు, అతను మళ్ళీ రాలేదు. పిల్ల మహా చురుకు. పాకడం వచ్చాక ఒక చోట ఉంటే ఒట్టు. ఓడక్క పొలం నుంచి వచ్చే దారిలో కనబడితే చాలు, గదిలోంచి బయటపడి దోగాడుతూ ఎదురెళ్ళేది. అరచేతుల నిండా బురదే. నడక రాకముందే విరేచనాలు పట్టుకుని పోయింది. పసిపిల్లల్ని మాలో ఎలాగూ పాతిపెడతాం. చెరకు చేను అవతల, అడవి అంచున, లైనులో చచ్చిపోయిన వాళ్ళందరినీ పెట్టే చోటొకటి ఉంది. అక్కడే పెట్టాం. మీద పెట్టడానికి రాయి లేదు. ఓడక్క ఆ తీగ ముక్క ఒకటి తెంపి తలవైపు గుచ్చింది.

"ఆ దొంగ మొక్కేనా అక్కా దొరికింది?" అన్నాను ఏడుస్తూనే.

"అది ఈ నేలదే. నా పిల్లా ఈ నేలదే. మనవేనే పరాయోళ్ళం" అంది.

మరుసటి వానాకాలానికి ఆ తీగ గోరీ మీద లేదు. అడవి అంచు దాటి చెరకు చేలోకి దిగింది. చెరకు నిలువెత్తు ఎదిగి ఉంది, కింద చీకటి లాంటి నీడ. ఆ నీడలో సాళ్ళ వెంట లైను వైపు పాకుతోంది. కలుపు తీస్తున్నప్పుడు ముందు నేనే చూశాను. అక్కడక్కడా తెల్ల పువ్వులు, నేల మీంచి నన్ను చూస్తూ. కెవ్వుమన్నాను. ఓడక్క వచ్చి చూసింది. ఆమె తవ్వుగోల దాని పక్క నుంచి పోయింది, దాని మీద పడలేదు. మిగతా ఆడవాళ్ళూ అలాగే పక్కకు తప్పుకున్నారు. చెప్పినవాళ్ళెవరూ లేరు.

మా మీద పని చేయించే సర్దారు ఊరుకుంటాడా? కలుపు వదిలేశారని తిట్టి, తనే తవ్వుగోల లాక్కుని దాన్ని ముక్కలు ముక్కలు చేశాడు. చెప్పానుగా, ప్రతి కణుపుకీ వేళ్ళున్నాయి. కొన్నాళ్ళకు ఒక్క తీగ ఉన్న చోట బోలెడు తీగలు లేచాయి. అన్నిటి కొసలూ ఒకే వైపు, లైను వైపు. ఆ సాలు దగ్గరికి సర్దారు మళ్ళీ రాలేదు.

మా ఆయన నన్ను కూర్చోబెట్టి ధైర్యం చెప్పాడు. చేలో కాలవ వాలు లైను వైపే ఉంది, నీళ్ళు అటే పోతాయి, నీళ్ళ వెంట తీగ పోతుంది, ఇందులో వింతేముంది అన్నాడు. నిజమే, వింతేమీ లేదు. చెరకు కొట్టేశాక ఎండకి అదంతా మాడిపోయింది, ఇక పీడ వదిలిందనుకున్నాం. చెత్త కింద కణుపులు బతికే ఉన్నాయని ఓడక్కకు తెలుసు, మాకు చెప్పలేదు. కొత్త చెరకు ఎదిగి నీడ పడగానే, ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది.

ఒక పొద్దున పనికి వెళ్ళే ముందు చూస్తే ఓడక్క గది వెనక, చూరు నీడలో, ఒక ఆకు. కాలవ నీళ్ళు అక్కడికి ఎక్కవు. మా ఆయన చూశాడు, ఆ పూట సరిగ్గా తినలేదు. లైనంతా గోల. పీకెయ్యమని కొందరు, పూజ చేయించమని కొందరు. ఓడక్క వాకిట్లో నిలబడి అందరికీ ఒకటే చెప్పింది. "పిలవొద్దు, తోలొద్దు. దాని దారిని దాన్నొదిలెయ్యండి." గది వెనక దాని దారిలో ఆమె నీళ్ళ బిందె ఉంది. వంగి ఆ బిందెను కొంచెం పక్కకు జరిపింది. తీగకు బిందె దారివ్వడం ఏమిటని నాకు ఒళ్ళు మండింది, ఒళ్ళు జలదరించింది కూడా.

ఇంతలో ఇంకో కబురు వచ్చింది. అడవి అంచు కొట్టేసి ఆ నేలను కూడా చెరకు కిందికి తెస్తారట, సోమవారం ఎద్దులు వస్తాయని కొలంబరు, అంటే మా తెల్ల ఓవర్సీరు, చెప్పి వెళ్ళాడు. గోరీలున్నాయని సర్దారు చెబితే, ఎవరివి వాళ్ళు చూసుకోండి అన్నాడట. ఓడక్కకు పుట్టిన ఊరు పోయింది, పిల్ల తండ్రి పోయాడు, ఈ దేశంలో ఆమెకంటూ ఉన్నది ఆ జానెడు చోటు. అది నాగలి కింద పడకముందే పిల్లను వెతికి తీయాలి. వానలకు దిబ్బలన్నీ నేలలో కలిసిపోయి ఉన్నాయి. గుర్తుకు నాటిన తీగేమో చోటు వదిలి ఎప్పుడో వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం, ఓడక్క, నేను, పార పట్టుకుని మా ఆయన. ఒక లావాటి చెట్టు మొదట్లో పెట్టినట్టు నాకు గట్టి గుర్తు. మా ఆయనకూ అదే గుర్తు. అక్కడ తవ్వాం. ఏమీ లేదు, ఎవరూ కదపని నేల. ఇంకో పక్క తవ్వాం. అక్కడా లేదు. అడవిలో పిట్ట అరుపు కూడా లేదు. ఓడక్క చూసి చూసి లైనుకి వెనక్కి నడిచింది. పిచ్చెక్కిందేమోనని వెనకాలే పరిగెత్తాను.

గది వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తీగ కొస వేళ్ళతో పట్టుకుంది. అక్కడి నుంచి వెనక్కి పాకడం మొదలుపెట్టింది. పచ్చని కణుపు, తర్వాత ముదురు కణుపు, తర్వాత ఎండిన నార. చెరకు సాళ్ళ మధ్య చెత్త తీస్తూ, నార తెగిన చోట మట్టి గీకి, కుళ్ళిన కణుపు మరక వెతుక్కుంటూ పాకింది. పక్కన నేను నడుస్తున్నాను. కొంతసేపటికి నాకు ఆమె వైపు చూడ్డం చేతకాలేదు. చెయ్యి ఆనించి, మోకాలు జరిపి, మళ్ళీ చెయ్యి ఆనించి. అరచేతుల నిండా బురద. ఆ పాకడం నేను ఇంతకు ముందు చూసిందే.

అడవి అంచు చేరాక ఆమె ఆ లావాటి చెట్టు వైపు పోలేదు. దానికి దూరంగా, ఎవరమూ అనుకోని చోట, ఫెర్ను పొద కింద ఆగింది. అక్కడ తీగ లేదు, ఆకు లేదు, గుర్తు అంటూ ఏదీ లేదు. "ఇక్కడ్నించే బయల్దేరినాది" అంది. మా ఆయన నా వైపు చూశాడు. పారతో మెల్లగా మన్ను తీశాడు. కొంచెం లోతులో నల్ల పూసల మొలతాడు కనబడింది. దిష్టికని ఆ పూసలు గుచ్చింది నేనే.

ఆ తర్వాతిది నేను వివరంగా రాయలేను. ఓడక్క తన చీర కొంగు చింపి, దొరికినదంతా అందులో చుట్టి, మూటను చంకన ఎత్తుకుంది. లైను దగ్గర మనుషులు అడ్డంగా నిలబడ్డారు. గోరీలోంచి తీసినదాన్ని ఇళ్ళ మధ్యకు తెస్తావా అన్నారు. ఆమె గొంతు పెంచలేదు.

"అది దానంతటదే వొస్తందర్రా. పాకి పాకి అలిసిపోనాది. నాను ఎత్తుకున్నాను, అంతే."

ముందు ఆడవాళ్ళు పక్కకు జరిగారు. తర్వాత మగవాళ్ళు. గది వెనక చూరు కింద, తీగ కొస ఆగిన చోట, పిల్లను మళ్ళీ పెట్టింది. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ తన గదిలోంచి అన్నం ముద్ద తెచ్చి పక్కన పెట్టాడు. ఆ సంవత్సరం, ఆ మరుసటి సంవత్సరం, ఆ తర్వాత కూడా ఆ తీగ ఆ చోటు దాటి పోలేదు. అక్కడే గుబురుగా పెరిగి, అక్కడే పూసి, అక్కడే పండేది. నాకు మొక్కల సంగతి తెలియదు. పాకే తీగ పాకడం ఎందుకు మానుకుంటుందో తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పాలి.

గడువు తీరాక మేము సింగటోకా లోయలో నేల కౌలుకు తీసుకుని కూరగాయలు పెట్టుకున్నాం. ఓడక్కను మాతో రమ్మని బతిమాలాను, కోప్పడ్డాను, అలిగాను. లైను ఖాళీ అయిపోతోంది, రేకులు ఎవరెవరో ఎత్తుకుపోతున్నారు, ఒక్కదానివి ఏం చేస్తావు అన్నాను. "నానొక్కదాన్ని కాదు కదేటే" అని నవ్వింది. పాత గదిని ఆనించి చిన్న గడ్డి ఇల్లు వేసుకుని అక్కడే ఉండిపోయింది. ఎప్పుడైనా పడవెక్కి చూడ్డానికి వెళ్తే నాకు గంజి వడ్డించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ ఇంట్లో భయం వేసేది. ఆ ఇంటి నుంచి రావాలంటే దిగులుగా ఉండేది. ఇప్పటికీ ఆ రెండూ నాకు విడివిడిగా గుర్తు రావు.

కబురు తెలిశాక నేను వెళ్ళేసరికి దినవారాలు కూడా అయిపోయాయి. ఆమెను వాగు అవతల కొత్త గోరీల చోట పెట్టారని ఇరుగు పొరుగు చూపించారు. వాళ్ళది తప్పు కాదు, ఇప్పుడు అందరినీ అక్కడే పెడుతున్నారు. గది చూరు కింద పిల్ల ఉందని వాళ్ళకు ఎవరు చెప్పారు? నేను ముందు పాత గది వెనక్కి వెళ్ళాను. చూరు కింద గుబురు లేదు. బోసి నేల. వంగి వెతికితే జామ చెట్ల నీడన కనబడింది. అంత కాలం కదలని తీగ, బారలు బారలుగా సాగి, వాగు వైపు పోతోంది. ఒడ్డున ఆగిపోయింది. కొస నీళ్ళ మీదికి వంగి ఉంది, అవతలికి దారి లేదు.

పిలవొద్దు, తోలొద్దు అన్న మాట గుర్తొచ్చింది. ఎత్తుకోవద్దని మాత్రం ఆమె ఎప్పుడూ అనలేదు. తీగను వేళ్ళతో, మట్టితో సహా తీసి, గంపలో పెట్టబోయి, ఎందుకో చంకన ఎత్తుకున్నాను. వాగులో మోకాలి లోతు నీళ్ళు. తీగకు, పిడికెడు మట్టికి అంత బరువు ఉండకూడదు. అవతలి ఒడ్డు ఎక్కేసరికి నా నడుము నొప్పెట్టింది. గోరీ దగ్గర దింపబోతే రాలేదు. సన్నని వేళ్ళు నా చీర మడతల్ని పట్టుకుని ఉన్నాయి, చంక దిగనని మారాం చేసే పిల్లలా. "అదుగో మీ అమ్మ" అన్నాను పైకే. అప్పుడు వదిలింది. తల వైపు నాటి, నీళ్ళు పోసి, కొబ్బరాకు నీడ కట్టి వచ్చేశాను. మర్నాడు పడవెక్కే ముందు వెళ్ళి చూస్తే ఒక పువ్వు విప్పుకుని ఉంది.

ఇంటికొచ్చాక ఆ చీరను పెరట్లో ఉతికి, బురద నీళ్ళు అరటి చెట్ల మొదట్లో పారబోశాను. అంతే చేశాను. మళ్ళీ వానలు మొదలయ్యాయి. నిన్న పొద్దున అక్కడ ఊడుస్తుంటే ఒక ఆకు కనబడింది. గుండ్రంగా, నున్నటి అంచుతో, నూనె రాసినట్టు మెరుస్తూ. దాని కొస మా వెనక గుమ్మం వైపు ఉంది. పిల్లో, అక్కో, ఇద్దరూనో నాకు తెలియదు. మా ఆయన ఇంకా చూడలేదు. దాని దారిలో మా రుబ్బురోలు ఉంది. చీపురు పక్కన పెట్టి, నేను ఆ రోలును రెండు చేతులతో పట్టుకుని కొంచెం పక్కకు జరిపాను.